మన ఇంటి వైరింగు: కరెంటు బిల్లు, కుటుంబ క్షేమము



ఆసుపత్రి పత్రికలో కరెంటు వైర్ల గురించి వ్యాసమేమిటని కొందరికి అనిపించవచ్చును. బి.పి., షుగరు, రక్తహీనత గురించి వ్రాసే ఈ పేజీలో ఈ విషయం పెట్టడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, డిశ్చార్జి అయి ఇంటికి వెళ్ళే రోగులలో చాలామంది ఇప్పుడు కరెంటుతో నడిచే పరికరాలు వెంట తీసుకొని వెళ్తున్నారు. నెబ్యులైజరు, గాలి పరుపు, ఆక్సిజన్ కాన్సెంట్రేటరు వంటివి. రెండవది కరెంటు షాకు. జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదికలు చూస్తే మన దేశంలో ఏటా పదివేలమందికి పైగా కరెంటు తగిలి చనిపోతున్నారు. పొలంలో మోటారు దగ్గర చనిపోయినవారు వీరిలో ఉన్నారు. స్నానాల గదిలో, వంటింటిలో, బట్టలు ఆరవేసే దండెం దగ్గర చనిపోయినవారు కూడా ఉన్నారు.

అయితే ఇంటి వైరింగు మార్పించాలనే ఆలోచన మనకు సాధారణంగా బిల్లు చేతికి వచ్చిన రోజే పుడుతుంది. కనుక బిల్లు దగ్గరనుండే మొదలుపెడదాము.

గోడలో ఏమున్నది?

ముప్పై నలభై యేళ్ళ క్రితం ఇల్లు కట్టినప్పుడు నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్లు, ఒక రేడియో, ఉంటే ఒక ఇస్త్రీపెట్టె. ఆ లెక్కకే తీగలు వేశారు. చాలా ఇళ్ళలో వేసినది అల్యూమినియం తీగ. పాత మిషను కాంపౌండ్లలో చెక్క పట్టీల మీద క్లిప్పులు కొట్టి లాగిన తీగలు ఇప్పటికీ అక్కడక్కడ కనిపిస్తాయి. అదే తీగల మీద ఇప్పుడు ఫ్రిజ్, మిక్సీ, వాషింగ్ మెషీను, గీజరు, కొందరి ఇళ్ళలో ఎ.సి. కూడా నడుస్తున్నాయి. గోడకు కొత్త రంగు వేస్తాము, స్విచ్చి బోర్డు మార్చి తెల్లని ప్లేటు పెట్టిస్తాము. లోపలి తీగ మాత్రం పాతదే.

తీగలో కరెంటు పారినప్పుడు తీగ కొంత వేడెక్కుతుంది. ఆ వేడి మన మీటరులో తిరిగిన యూనిట్లలోనిదే. మనకు గాలి ఇవ్వకుండా, వెలుగు ఇవ్వకుండా గోడలో పోయిన కరెంటు అది. తీగ ఎంత సన్నమైతే వేడి అంత ఎక్కువ. కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలు అవుతుంది. అందుచేతనే బల్బులకు, ఫ్యాన్లకు నలభై యేళ్ళు పనికొచ్చిన తీగ గీజరు పెట్టిన రెండవ చలికాలానికే మాడిపోతుంది.

ఒక చిన్న లెక్క చూడండి. పాత ఇళ్ళలోని 1.5 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ, 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగ దాదాపు సమానం. కిలోమీటరు తీగకు సుమారు 18 ఓముల నిరోధం. మీటరు దగ్గరనుండి ఎ.సి. వరకు 15 మీటర్ల దూరం అనుకుంటే పోవడానికి, రావడానికి కలిపి 30 మీటర్ల తీగ. ఎ.సి. 7 ఆంపియర్లు తీసుకుంటే ఆ తీగలో దాదాపు 27 వాట్లు వేడిగా పోతాయి. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేస్తే పోయేది 7 వాట్లే. రోజుకు ఎనిమిది గంటలు నడిపితే నెలకు మిగిలేది సుమారు 5 యూనిట్లు.

ఐదు యూనిట్లేనా అంటారేమో. అవును, అంతే. వైరింగు మొత్తం మారిస్తే బిల్లు సగమవుతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. మంచి తీగవలన వచ్చే పొదుపు నిజమైనదే గాని చిన్నది.

అసలు చేటు జాయింట్లలో ఉన్నది. వదులైన స్క్రూ, మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు, అల్యూమినియం తీగకు రాగి తీగను ఊరికే చుట్టి కలిపిన చోటు, పిన్నులు వదులైన సాకెట్టు. అటువంటి చోట అర ఓము నిరోధం ఏర్పడి, 2000 వాట్ల గీజరు నడిస్తే ఆ ఒక్క చుక్కలోనే 38 వాట్ల వేడి పుడుతుంది. రేడియో రిపేరు చేసేవారి సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. దానిని ప్లాస్టిక్ బోర్డు వెనుక పెట్టి మరిచిపోతే ఏమవుతుందో ఆలోచించండి. తీగ మీది పి.వి.సి. తొడుగు 70 డిగ్రీల వేడి వరకు తట్టుకొనేలా చేసినది. దానికి మించి వేడెక్కుతూ ఉంటే పెళుసుబారి, పగిలి, పొడిగా రాలిపోతుంది.

ప్లగ్గు తీసి పట్టుకుంటే చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉండడం, సాకెట్టు చుట్టూ గోధుమరంగు మచ్చ, కాలిన వాసన, బోర్డులో జుయ్యిమనే చప్పుడు, మోటారు వేయగానే లైట్లు మసకబారడం ఇటువంటి అతుకుల గుర్తులు. ఫ్యూజు మాటిమాటికి పోతుంటే కొందరు దొరికిన లావుపాటి రాగి తీగ కట్టేస్తారు. అప్పటినుండి ఫ్యూజు పోదు, దాని బదులు గోడలోని తీగ కాలుతుంది.

బిల్లు ఎక్కడ తగ్గుతుంది?

ఫ్యాన్లలో తగ్గుతుంది. మన ప్రాంతంలో ఫ్యాను తిరగని రోజులు తక్కువ. పాత సీలింగు ఫ్యాను 75 వాట్లు తీసుకుంటుంది. బి.ఎల్.డి.సి. మోటారు ఫ్యాను 30 వాట్లకు అటూ ఇటూగా అదే గాలి ఇస్తుంది. రోజుకు 15 గంటలు తిరిగితే ఒక్క ఫ్యాను మీద నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. మూడు ఫ్యాన్లు ఉన్న ఇంటికి 60 యూనిట్లు. 2023 జనవరి నుండి సీలింగు ఫ్యాన్ల మీద స్టార్ లేబులు తప్పనిసరి అయినది గనుక కొనేటప్పుడు ఆ కాగితం చూసి కొనండి. 60 వాట్ల పాత బల్బు ఇంకా వెలుగుతున్న ఇళ్ళు ఉంటే అక్కడ 9 వాట్ల ఎల్.ఇ.డి. పెట్టండి. రోజుకు ఐదు గంటలు వెలిగే బల్బు ఒక్కదానిమీదనే నెలకు ఏడెనిమిది యూనిట్లు తగ్గుతాయి. పాత చోకు ఉన్న ట్యూబులైటు కూడా అంతే, 50 వాట్లకు పైగా తీసుకుంటుంది. ఎల్.ఇ.డి. ట్యూబుకు 20 వాట్లు చాలు.

మన రెండు రాష్ట్రాలలోను వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరిగే శ్లాబులు ఉన్నాయి. కనుక మిగిలే ఈ యూనిట్లు పై శ్లాబులోనివి, అంటే ఖరీదైనవి. తెలంగాణలో 2024లో మొదలైన గృహజ్యోతి పథకంలో నెలకు 200 యూనిట్లు దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టవలసినదే. 210, 220 దగ్గర ఊగిసలాడే కుటుంబానికి ఒక్క ఫ్యాను మార్పు ఎంత తేడా తెస్తుందో వేరుగా చెప్పనవసరం లేదు.

సాకెట్టులో గుచ్చితే చాలు బిల్లు తగ్గుతుందని ‘పవర్ సేవర్’ అనే చిన్న పెట్టెలు అమ్ముతుంటారు. ఇంటి మీటరు లెక్కించే యూనిట్లను అది తగ్గించదు. ఆ డబ్బు ఎల్.ఇ.డి. బల్బులకు పెట్టండి.

కారిపోయే కరెంటు

కుళాయి చుక్కచుక్కగా కారినట్లు పాత ఇళ్ళలో కరెంటు కూడా కారుతుంది. తొడుగు పగిలిన తీగ తడిగోడకు తగిలినా, గీజరు కాయిల్ చిల్లుపడినా, కూలరు మోటారులోకి నీరు దిగినా కరెంటు భూమిలోకి పోతుంది. 50 మిల్లీ ఆంపియర్లు కారితే 11 వాట్లకు పైగా, రాత్రింబగళ్ళు పోతే నెలకు 8 యూనిట్లు. బిల్లులో అది పెద్ద సంఖ్య కాదు. కాని ఆ కరెంటు ఎవరి శరీరంలోనుంచైనా భూమిలోకి పోతే గుండె లయ తప్పి ఆగిపోవడానికి 50 మిల్లీ ఆంపియర్లు సరిపోతాయి. తడి చేతులతో, తడి నేలమీద నిలబడినవారి శరీర నిరోధం వెయ్యి ఓములకు పడిపోవచ్చును. 230 వోల్టుల దగ్గర అది 230 మిల్లీ ఆంపియర్లు.

మీ ఇంట్లో ఇటువంటి కారుడు ఉన్నదేమో మీరే చూసుకోవచ్చును. మెయిన్ స్విచ్చి ఆన్‌లోనే ఉంచి, ఇంట్లోని స్విచ్చులన్నీ ఆపండి. ఫ్రిజ్, టి.వి., ఛార్జర్లు, ఇన్వర్టరు ప్లగ్గులు తీసేయండి. ఇప్పుడు మీటరు మీద మినుకుమనే చిన్న ఎర్ర దీపాన్ని పది నిమిషాలు గమనించండి. అప్పటికీ మినుకుమంటూ ఉంటే కరెంటు ఎక్కడో పోతున్నది. ఇంట్లో ఎవరైనా ప్రాణవాయువు యంత్రం మీద ఉంటే మాత్రం ఈ పరీక్ష చేయవద్దు, ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి.

ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే, కుళాయి ముట్టుకుంటే జివ్వుమంటే ‘చిన్న షాకేలే’ అని నవ్వి ఊరుకొనే ఇళ్ళు చాలా ఉన్నాయి. చెప్పులు వేసుకొని ముట్టుకోమని పిల్లలకు నేర్పిస్తారు. చిన్న షాకు, పెద్ద షాకు అని రెండు జబ్బులు లేవు. ఉన్నది ఒకటే జబ్బు, ఆ రోజు నేల తడిగా ఉన్నదా పొడిగా ఉన్నదా అనేదే తేడా.

ఎమ్.సి.బి. ఉన్నది గదా?

ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. ఎమ్.సి.బి. తీగను కాపాడుతుంది, మనిషిని కాదు. 16 ఆంపియర్ల ఎమ్.సి.బి. ఆ పరిమితి దాటిన లోడు వచ్చినప్పుడో, షార్టు అయినప్పుడో పడిపోతుంది. మనిషి ప్రాణం తీయడానికి ఒక ఆంపియరులో నాలుగవ వంతు కూడా అక్కరలేదు. దానిని ఎమ్.సి.బి. ఒక జీరో బల్బు వెలిగినంతగా కూడా పట్టించుకోదు.

మనిషిని కాపాడేది ఆర్.సి.సి.బి. అనే పరికరం. ఫేజులో వెళ్ళిన కరెంటు న్యూట్రలులో తిరిగి వచ్చిందా లేదా అని అది ఎల్లప్పుడూ సరిచూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే సెకనులో మూడవ వంతు లోపలే కరెంటు ఆపేస్తుంది. ఇళ్ళకు 30 మిల్లీ ఆంపియర్లదే పెట్టించాలి. 100, 300 అని వ్రాసి ఉన్నవి అగ్నిప్రమాదాలకోసం చేసినవి, మనుషులకోసం కాదు. దీని ధర మంచి మిక్సీ ధరకంటే తక్కువే ఉంటుంది. దానిమీద ‘టి’ అక్షరంతో ఒక చిన్న బటను ఉంటుంది. నెలకొకసారి నొక్కితే టక్కుమని పడిపోవాలి. పడకపోతే అది పాడైనట్లు. మొదటి ఆదివారము ప్రభురాత్రి భోజన ఆరాధనకు బయలుదేరేముందు నొక్కే అలవాటు చేసుకుంటే మరిచిపోరు.

ఇది పెట్టించిన తరువాత వానాకాలంలో మాటిమాటికి పడిపోతున్నదని తీయించివేసేవారు ఉన్నారు. అది పడుతున్నదంటే కరెంటు ఎక్కడో కారుతున్నది, లేదా ఎవరో న్యూట్రలును ఎర్తుతో కలిపారు. ఒక్కొక్క లైను విడదీసి చూస్తే దొంగ ఎక్కడున్నాడో దొరుకుతాడు. కాపలా కుక్క మొరుగుతున్నదని కుక్కను తోలేయవద్దు.

ఎర్తు సంగతి. మూడు పిన్నుల ప్లగ్గులో లావుపాటి పిన్ను ఎర్తుది. దానిని విరిచి రెండు పిన్నుల సాకెట్టులో గుచ్చడం, ప్లగ్గే లేకుండా తీగలు పెట్టి అగ్గిపుల్లలు గుచ్చడం మన ఇళ్ళలో చూస్తూనే ఉన్నాము. ఆ పిన్ను నుండి పచ్చ తీగ బోర్డుకు, బోర్డు నుండి పెరటిలోని ఎర్తు గొయ్యికి పోవాలి. చాలా ఇళ్ళలో పచ్చ తీగ బోర్డు వెనుకనే ఆగిపోతుంది. పూర్వం నీళ్ళ పైపుకు కట్టేవారు. ఆ పైపులు ఇప్పుడు ప్లాస్టిక్‌వి. గొయ్యి ఉన్నా, బొగ్గు ఉప్పు వేసి పదిహేనేళ్ళ క్రితం పూడ్చిన ఇనుప పైపు తుప్పుపట్టి ఉండవచ్చును. ఎండాకాలంలో వారానికి రెండు బిందెల నీళ్ళు దానిలో పోయండి. ఎర్తు సరిగా ఉంటే గీజరులో లోపం రాగానే ఆర్.సి.సి.బి. పడిపోతుంది. ఎర్తు లేకపోతే ఎవరైనా ముట్టుకొనేదాకా ఆ లోపం బయటపడదు.

రోగి ఇంట్లో ఉన్నప్పుడు

ఐదు లీటర్ల ఆక్సిజన్ కాన్సెంట్రేటరు సుమారు 350 వాట్లు తీసుకుంటుంది. ఇది ఇస్త్రీపెట్టెకంటే చాలా తక్కువ. కాని ఇస్త్రీపెట్టె పావుగంట నడుస్తుంది, ఇది రోజంతా నడుస్తుంది. వదులు సాకెట్టు చల్లారడానికి దీనివలన విరామం దొరకదు. రోజంతా నడిస్తే 8 యూనిట్లకు పైగా, నెలకు 250 యూనిట్లు అవుతుంది. డిశ్చార్జికి ముందే ఈ ఖర్చు కుటుంబానికి తెలియడం మంచిది. లేకపోతే మొదటి బిల్లు వచ్చాక యంత్రాన్ని రాత్రిపూట ఆపివేసేవారు ఉంటారు. అలా ఆపవద్దు. ఫ్యాన్లు, బల్బులు మార్చి ఆ యూనిట్లలో కొంత తిరిగి సంపాదించండి. డాక్టరుగారు చెప్పిన గంటలు తగ్గించవద్దు.

ఈ యంత్రాన్ని ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టకూడదు. గోడకున్న మంచి సాకెట్టులో, దానిలో మరేదీ పెట్టకుండా వాడాలి. వీలైతే ఆ గదికి మీటరు బోర్డు నుండి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో ఒక లైను వేరుగా లాగించి, దానికి విడిగా ఆర్.సి.బి.ఓ. పెట్టించండి. ఎమ్.సి.బి., ఆర్.సి.సి.బి. రెండు పనులూ అది ఒక్కటే చేస్తుంది. అప్పుడు స్నానాలగదిలో గీజరు కారినా రోగి గదిలో కరెంటు పోదు. 150 ఏ.హెచ్. బ్యాటరీ ఉన్న మామూలు ఇన్వర్టరు ఈ యంత్రాన్ని మూడు నాలుగు గంటలకు మించి నడపలేదు, ఫ్యాన్లు కూడా దానిమీదే ఉంటే అంతకూడా నడపదు. కనుక ఒక సిలిండరు సిద్ధంగా ఉంచుకోవాలి. ఆ గదిలో బీడీ, క్రొవ్వొత్తి, కిరసనాయిలు దీపం ఉండరాదు.

ఇన్సులిన్ వాడేవారు ఫ్రిజ్ ప్లగ్గును కూడా ఒకసారి చేత్తో తాకి చూసుకోండి. ఇన్సులిన్ 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వదులు సాకెట్టువలన ఫ్రిజ్ ఆగి ఆగి నడుస్తుంటే మందు పాడైనట్లు పైకి కనబడదు, షుగరు మాత్రం పెరుగుతుంది.

డబ్బు తక్కువైతే ఏది ముందు?

ఇల్లంతా ఒకేసారి మార్పించే స్తోమత అందరికీ ఉండదు. మా అభిప్రాయం ఇది: మొదట ఎర్తు గొయ్యి, ఆర్.సి.సి.బి. తరువాత గీజరు, ఎ.సి., వంటింటి సాకెట్లకు మీటరు బోర్డు నుండి కొత్త లైన్లు. ఈ బరువు పాత తీగల మీదనుండి దిగిపోతే మిగిలిన బల్బులు, ఫ్యాన్ల లైను కొంతకాలం ఆగగలదు. ఎలక్ట్రీషియన్ మెగ్గరు అనే పరికరం పెట్టి చూసినప్పుడు ఒక మెగాఓముకంటే తక్కువ చూపిన లైను మాత్రం ఆగేది కాదు. అద్దె ఇంట్లో ఉన్నవారు గోడలు తవ్వించలేరు గాని, బి.ఎల్.డి.సి. ఫ్యాను ఇల్లు మారినప్పుడు విప్పి వెంట తీసుకుపోవచ్చును. ఎర్తు గురించి ఇంటివారిని గట్టిగా అడగవచ్చును, అడగాలి కూడా.

లైట్లకు 1.5, పవర్ సాకెట్లకు 2.5, గీజరు, ఎ.సి.లకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ సరిపోతుంది. చుట్ట మీద ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి. తీగకు తగ్గ ఎమ్.సి.బి. ఉండాలి. 1.5 తీగకు 10 ఆంపియర్లు, 2.5కు 16. తరచు పడిపోతున్నదని 1.5 తీగ మీద 32 ఆంపియర్లది పెడితే, ఫ్యూజులో లావుపాటి రాగి తీగ కట్టినట్లే. పని లైసెన్సు ఉన్నవారితో చేయించండి. గోడ పూడ్చకముందే ప్రతి సాకెట్టుకు పచ్చ తీగ వచ్చిందా అని మీ కళ్ళతో చూసుకోండి.

డిసెంబరులో డాబాల మీద నక్షత్రాలు కట్టే వేళ ఇంకొక మాట. కాగితపు నక్షత్రంలో పాత బల్బుకు బదులు చిన్న ఎల్.ఇ.డి. పెట్టండి. గడ్డితో కట్టే పశువులపాక లోపల వేడెక్కే బల్బు పెట్టవద్దు. నక్షత్రానికి లాగిన తీగను బట్టల దండెం మీదుగా వేయవద్దు. అసలు దండేనికి ఇనుప తీగ మానేసి నైలాను తాడు కట్టండి. కరెంటు స్తంభం నుండి వచ్చే సర్వీసు వైరుకు ఆధారంగా కట్టిన తీగకు దండెం కట్టడం మరీ ప్రమాదకరం.

షాకు తగిలితే

పట్టుకొని లాగవద్దు. ముందు మెయిన్ ఆపండి. ఆపలేకపోతే పొడి కర్రతో గాని ప్లాస్టిక్ కుర్చీతో గాని మనిషిని విడదీయండి. వీధిలో తెగిపడిన లైనైతే దగ్గరకు వెళ్ళకుండా 1912కు ఫోను చేయండి. విడదీసిన తరువాత పిలిచినా పలకక, ఊపిరి సరిగా లేకపోతే ఒకరు 108కి ఫోను చేస్తుండగా మరొకరు ఛాతీ మధ్యలో రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి పెట్టి, రెండు అంగుళాలు దిగేలా నిమిషానికి 100 నుండి 120 సార్లు నొక్కుతూ ఉండాలి. అంబులెన్సు వచ్చేదాకా ఆపవద్దు. కొన్ని చోట్ల మట్టిలో కప్పిపెడతారు. ఆ నిమిషాలలోనే ప్రాణం పోతుంది.

కాలిన చోట పేస్టు, సిరా పూయకుండా కుళాయి నీటి క్రింద ఇరవై నిమిషాలు ఉంచండి. కరెంటు గాయం పైకి చిన్న నల్లని చుక్కలా కనిపించి లోపల కండరమంతా కాలి ఉండవచ్చును. షాకు తగిలి స్పృహ తప్పినవారిని, గుండెదడగా ఉన్నవారిని, కాలిన గుర్తు ఉన్నవారిని, గర్భిణీ స్త్రీలను, వారు లేచి తిరుగుతున్నా సరే, అదే రోజున ఆసుపత్రికి తీసుకొనిరండి. ఇ.సి.జి. తీసి చూస్తాము. మూత్రం ముదురు గోధుమరంగులో వస్తుంటే ఆ సంగతి రాగానే చెప్పండి.